జాలరిపేట గురించి చదవాలంటే

ఆంధ్ర విశ్వకళాపరిషత్తు సామాజిక శాస్త్రాల విద్యార్థికి విశాఖపట్నంలోని మత్స్యకారుల పేట అయిన పెద జాలరిపేట పక్కనే ఉంది. ఆ పేట గురించి చదవాలంటే మాత్రం మొదట చేతికందేవి 1907 నాటి ఫ్రాన్సిస్ విశాఖపట్నం జిల్లా గెజిటీరు, 1909 నాటి థర్‌స్టన్ దక్షిణ భారత కులాలు-తెగల సంపుటాలు. రెండూ దొరల రాతలే!

ఇప్పుడు జర్నళ్లకు కొదవ లేదు. 2025 జనవరి నుంచి కేంద్ర ప్రభుత్వ ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకం కింద 30 ప్రచురణ సంస్థల దాదాపు 13 వేల జర్నళ్లు ప్రభుత్వ విద్యాసంస్థలకు అందుతున్నాయి. సిద్ధాంత వ్యాసాలకు శోధ్‌గంగ ఆన్‌లైన్ భాండాగారం ఉంది. మంచిదే. అయితే ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల సముద్ర చేపల వేట నిషేధంలో జాలరి ఇల్లు ఎలా గడుస్తుందో, చేపలమ్మే ఆడవాళ్లకు అప్పు ఎక్కడ పుడుతుందో ఆ వేల జర్నళ్లు ఎంతవరకు చెబుతాయి? అవి తెలిసేది ఎం.ఏ. విద్యార్థుల క్షేత్ర నివేదికల్లో, తెలుగు పత్రికల జిల్లా పేజీల్లో.

అందుకే విశ్వకళాపరిషత్తులోని డాక్టర్ వి.ఎస్. కృష్ణా గ్రంథాలయం ఈ స్థానిక సామగ్రికి ప్రత్యేక విభాగం పెట్టాలి. నివేదికలను స్కాన్ చేసి తెలుగులో కేటలాగు చేయాలి. జాలరిపేట యువతకూ అక్కడ కూర్చుని చదువుకునే వీలు కల్పించాలి.