కొండవాగుకూ ఒక ప్రమాద హెచ్చరిక కావాలి

ఆంధ్రప్రదేశ్ అటవీ శాఖ ఉన్నతాధికారులకు, కోనసీమ నుంచి.

2024 సెప్టెంబరు 22, ఆదివారం. ఏలూరులో వైద్యవిద్య చదువుతున్న 14 మంది మారేడుమిల్లి దగ్గరి జలతరంగిణి జలపాతానికి వచ్చారు. వానకు వాగు ఉన్నట్టుండి పొంగింది. ఐదుగురు కొట్టుకుపోయారు. ఇద్దరిని కాపాడగలిగారు, ముగ్గురు ప్రాణాలు కోల్పోయారు. అది దారీతెన్నూ లేని అడవిలోని చోటు కాదు, రోడ్డుకు దగ్గర్లోనే ఉండే జలపాతం.

ఏలూరు పిల్లల సంగతి కోనసీమకెందుకని ఎవరూ అనుకోనక్కర్లేదు. అమలాపురం, రాజోలు, కొత్తపేటల్లో కనుచూపు మేర ఎక్కడా గుట్ట కూడా ఉండదు. కొబ్బరితోటలు, వరిచేలు, కాలువలు, లంకలు, అంతే. ఇక్కడి కుర్రాళ్లకు కొండ ఎక్కాలనిపిస్తే రావులపాలెం మీదుగా రాజమహేంద్రవరం చేరి, గోకవరం, రంపచోడవరం దాటి మారేడుమిల్లి వెళ్లాలి. రాత్రికి రాత్రి బైకుల మీద బయల్దేరి, గుడిస కొండ మీద సూర్యోదయం చూడాలని చీకట్లోనే ఘాట్ రోడ్డు ఎక్కేవాళ్లున్నారు. కార్తీకమాసం వస్తే కుటుంబాలకు కుటుంబాలే కార్లలో కదులుతాయి. అడవిని చూడాలనుకోవడం మంచి కోరికే. ఆ కోరికతో వెళ్లిన బిడ్డ ఇంటికి క్షేమంగా రావాలన్నదే ఈ లేఖ ఉద్దేశం.

కోనసీమ పిల్లలు పంటకాలువల్లో ఈత నేర్చుకుంటారు. పంటు మీద, నాటుపడవ మీద గోదావరి దాటుతారు. నీళ్లంటే బెరుకుండదు. అయితే వాళ్లకు తెలిసిన వరద వేరు. భద్రాచలం దగ్గర 43 అడుగులు దాటిందంటే మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అయితే రెండోది, 53 అయితే మూడోది. ఆ నీరు ధవళేశ్వరం బ్యారేజీ చేరేసరికి అక్కడి లెక్క మొదలవుతుంది: 11.75 అడుగులు, 13.75, 17.75. ఈ అంకెలు లంక రైతులకు కంఠతా వచ్చు. మొదటి హెచ్చరిక వినగానే పశువులను గట్టుకు తోలుతారు, రెండోదానికి బియ్యం, బట్టలు మూట కడతారు. 2022 జులైలో భద్రాచలంలో 71 అడుగులు దాటి, ధవళేశ్వరం నుంచి 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు సముద్రంలోకి వెళ్లింది. అంతటి వరదలోనూ జనం ముందుగా ఇళ్లు ఖాళీ చేయగలిగారంటే, గోదావరి వాళ్లకు కొంత వ్యవధి ఇచ్చింది కనుకే.

కొండవాగు ఆ వ్యవధి ఇవ్వదు. దాని పరీవాహకం చిన్నది, వాలు ఎక్కువ. రెండు మూడు కిలోమీటర్ల పైన వాన పడితే కింద ఎండ కాస్తుండగానే, నిమిషాల్లో నీరు మీదికొచ్చేస్తుంది. తేటగా పారే నీరు మట్టిరంగుకు తిరగడం, ఆకులూ పుల్లలూ కొట్టుకురావడం, వాగు చప్పుడు పెరగడం దానికి గుర్తులు. ఆ వాగుల పక్కనే బతికే కొండరెడ్డి గిరిజనులకు ఇవి తెలుసు. ఫోటో కోసం బండరాయి మీద నిలబడిన పట్నం కుర్రాడికి ఎవరు చెప్పాలి? మోకాలి లోతు నీరే అయినా ఉరవడి ఎక్కువైతే మనిషిని పడగొడుతుందని, నాచు పట్టిన రాయి మీద కాలు నిలవదని, గజ ఈతగాడికి కూడా రాళ్ల మధ్య ఈత పనికిరాదని అక్కడికక్కడే చెప్పే మనిషి కావాలి.

కోనసీమ అడుగుతున్నది పెద్ద ఖర్చుతో కూడిన పనేమీ కాదు. జలతరంగిణి, అమృతధార, పాములేరు వాగు లాంటి చోట్ల అందరికీ కనబడేలా రంగులు వేసిన నీటికొలత స్తంభం నాటండి. ఫలానా గీత దాటితే ఒడ్డుకు రావాలని తెలుగులో పెద్ద అక్షరాలతో రాయించండి. పైన వాన మొదలైందని కబురందగానే ఈల వేసి జనాన్ని బయటికి పంపేందుకు, ఆ రోజుకు దారి మూసేందుకు అధికారం ఉన్న మనిషిని పెట్టండి. చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ అందదు కాబట్టి అతని చేతిలో వాకీటాకీ ఉండాలి. ఇందుకు మనుషులను ఎక్కడి నుంచో తేనక్కర్లేదు. మారేడుమిల్లిలో వన సంరక్షణ సమితులతో కలిసి మీ శాఖే పర్యాటకాన్ని నడిపించింది. గిరిజనుల చేతికి ఆదాయం అందించిన ఆ ప్రయత్నం మెచ్చుకోదగ్గది. ఆ సమితుల్లోని యువకులకే శిక్షణ, జీతం ఇస్తే సరిపోతుంది.

మన రాష్ట్రంలో ఇలాంటి ఏర్పాట్లు కొత్త కాదు. బాధంతా అవి ఎప్పుడు వచ్చాయన్నదే. 2019 సెప్టెంబరు 15న దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర పాపికొండలకు వెళ్తున్న బోటు మునిగింది. అందులో ఉన్న 77 మందిలో 26 మందే బతికారు. బోట్ల మీద నిఘాకు కంట్రోల్ రూములు ఆ తర్వాత వచ్చాయి. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుతకు ఆరేళ్ల పాప బలైంది. పిల్లలతో నడిచే భక్తులకు మధ్యాహ్నం 2 గంటల తర్వాత అనుమతి లేదని టీటీడీ నిబంధన పెట్టింది ఆ తర్వాతే. తమిళనాడులోనూ ఇదే వరస. 2018 మార్చిలో థేని జిల్లా కురంగణి కొండల్లో ట్రెక్కింగ్‌కు వెళ్లినవాళ్లను కార్చిచ్చు చుట్టుముట్టి 20 మందికి పైగా చనిపోయాక ఆ రాష్ట్రం నిబంధనలు రాసుకుంది. 2024 అక్టోబరులో 40 దారులను ఎంపిక చేసి ఆన్‌లైన్ బుకింగ్, స్థానిక గైడ్లతో తెరిచింది. గుడిసకూ ఆ పద్ధతి సరిగ్గా సరిపోతుంది. రోజుకు ఇంతమందే అన్న హద్దు, పేరు నమోదు, వెంట ఒక కొండరెడ్డి గైడు ఉంటే ఎవరు పైకి వెళ్లారో, ఎవరు ఇంకా కిందికి దిగలేదో సాయంత్రానికి లెక్క తేలుతుంది.

సందర్శకుల వల్ల అడవికి, అక్కడివాళ్లకు జరిగే నష్టం కూడా చిన్నది కాదు. వాగు ఒడ్డున పగిలిన మద్యం సీసా చెప్పుల్లేకుండా నడిచే గిరిజన పిల్లవాడి కాలిలో దిగుతుంది. ఎండాకాలంలో గుడిస గడ్డి మీద వంటకు రాజేసిన పొయ్యి నుంచి ఎగిరిన ఒక్క నిప్పురవ్వ చాలు, కొండంతా అంటుకోవడానికి. రిజర్వు అడవిలో నిప్పు రాజేయడం 1967 నాటి అటవీ చట్టం ప్రకారం నేరమని వనభోజనాలకు వెళ్లేవారిలో ఎందరికి తెలుసు? నీలగిరి జిల్లాలో 2022 నుంచి మద్యం సీసా మీద 10 రూపాయలు అదనంగా వసూలు చేసి, ఖాళీ సీసా తెచ్చిస్తే తిరిగిచ్చే పద్ధతి ఉంది. రంపచోడవరం, మారేడుమిల్లి దుకాణాల్లో ఎక్సైజ్ శాఖతో మాట్లాడి అదే పెట్టించవచ్చు.

కోనసీమ వంతు పని కోనసీమ చేయాలి. కాలేజీల్లో విహారయాత్రకు ముందు అరగంట ఈ విషయాలు చెప్పాలి. జూన్ నుంచి అక్టోబరు వరకు జలపాతాల్లో దిగవద్దని, చీకట్లో ఘాట్ ఎక్కవద్దని, వెళ్లే చోటు, తిరిగొచ్చే వేళ ఇంట్లో చెప్పి వెళ్లమని తల్లిదండ్రులు గట్టిగా చెప్పాలి. మీ సిబ్బందిలో ఒక్కరు అమలాపురం వచ్చి మాట్లాడతానంటే పిలిచే కళాశాలలకు ఇక్కడ కొదవ లేదు. దయచేసి వచ్చే వర్షాకాలం మొదలయ్యేలోగా, జలతరంగిణితో మొదలుపెట్టి, ఈ ఏర్పాట్లు చేయించండి.