తిరిగొచ్చే ఏర్పాటేదీ?

‘స్టార్ వార్స్’ (1977) కథల్లో సామ్రాజ్యంవారి బుల్లి యుద్ధనౌక ‘టై ఫైటర్’ని మా ఇంట్లో కుర్రకారు తెగ మెచ్చుకుంటారు. నడుమ గుండ్రటి గది, ఇరుపక్కలా పలకల్లాంటి రెక్కలు, రెండు అయాన్ ఇంజన్లు. చురుకైనదే, కాదనను. కానీ రక్షణ కవచం లేదు. లోపల పీల్చడానికి గాలి లేదు. పైలట్ తన గాలి తనే మోసుకుపోవాలి. దూరాలు దాటించే హైపర్‌డ్రైవూ లేదు. పెద్ద ఓడ కూలితే ఇతగాడికి ఇల్లు లేనట్టే. తేలిగ్గా, చవగ్గా ఉండాలని ఇవన్నీ మానేశారట! గోడలు కట్టకుండా ఇల్లు చవగ్గా లేచిందని మురిసిపోవడం ఇలాంటిదే.

డబ్బులేక కాదండీ. గతిలేని తిరుగుబాటుదార్ల ‘ఎక్స్-వింగ్’కి కవచముంది, హైపర్‌డ్రైవుంది, వెనక సాయానికో మరమనిషీ ఉన్నాడు. వాళ్లకి పైలట్ తిరిగి రావాలి. సామ్రాజ్యానికి ఇంకో పైలట్ దొరుకుతాడు. అలాంటి నౌకని గొప్పదని నాచేత అనిపించకండి!