సర్వర్ వేరుగా ఉండాల్సిందే



లినక్స్‌లో ఒకే సాఫ్ట్‌వేర్‌ను క్లయింట్, సర్వర్ అంటూ రెండు ప్యాకేజీలు చేయడం కొత్తవాళ్లను తికమక పెట్టడమేనని మీ పత్రిక గత సంచికలో ఒక వ్యాసకర్త రాశారు. నేను ఒప్పుకోను.

ఆర్చ్ లినక్స్‌లో, దూరం నుంచి మరో కంప్యూటర్లోకి లాగిన్ కావడానికి వాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ మొత్తం ఒకే ప్యాకేజీ, నిజమే. కానీ అక్కడ సర్వర్‌ను మనం ఆన్ చేస్తేనే నడుస్తుంది. డెబియన్ లినక్స్‌లో అలా కాదు, ఇన్‌స్టాల్ కాగానే దానంతటదే మొదలై 22వ పోర్టు తెరుచుకుని కూర్చుంటుంది. అందుకే అక్కడ క్లయింట్ వేరుగా ఉండటమే మేలు. వ్యాసకర్త ఈ తేడానే వదిలేశారు.

కోరుట్లలో పిల్లలకు కంప్యూటర్ నేర్పుతుంటాను. మొదట్లో తెలియక పాత మిషన్లన్నిటిలోనూ మరియాడీబీ అనే డేటాబేస్ సర్వర్ వేశాను. 1 జీబీ ర్యామ్. బ్రౌజర్ తెరిస్తే చాలు, మౌస్ బాణం ఉన్నచోటే ఆగిపోయేది. ఇప్పుడు సర్వర్ ఒక్క మిషన్లోనే ఉంది, మిగతావాటిలో క్లయింటే. సిరిసిల్ల బట్ట కొన్నవాళ్లు దాన్ని నేసే సాంచాను (మరమగ్గాన్ని) కూడా ఇంటికి తెచ్చుకోరు కదా!

తికమక ఉన్నది పేర్లలో, ఇంగ్లిష్ వివరణల్లో. ప్యాకేజీ వివరణల అనువాదానికి డెబియన్‌లో డీడీటీపీ అనే ప్రాజెక్టు ఉంది. వ్యాసకర్త ముందుకొస్తే ఆ వివరణలను తెలుగులో రాద్దాం. నేను సిద్ధం.

– ఒక పాఠకుడు, కోరుట్ల, జగిత్యాల జిల్లా