తెడ్డు వేసినవారి పేర్లు ఎక్కడ?



పోటీ పరీక్షలకు తయారవుతున్న మాకు రాత్రి భోజనాలయ్యాక జనరల్ స్టడీస్ చర్చ ఒక అలవాటు. ఒకరు ప్రశ్న అడగాలి, మిగతావాళ్ళం జవాబు చెప్పాలి. ఒక రాత్రి వచ్చిన ప్రశ్న ఇది: 2019 నవంబరులో భారత్, అమెరికా సేనలు విశాఖపట్నం, కాకినాడ తీరాల్లో కలిసి చేసిన విన్యాసం పేరేమిటి? "టైగర్ ట్రయంఫ్" అని నలుగురం ఒకేసారి అరిచాం. అందులో పాల్గొన్న మన నౌక ఐఎన్ఎస్ జలాశ్వ అని కూడా చెప్పేశాం. అప్పుడు పక్కనే కూర్చున్న ఇంటర్ తమ్ముడు "మెరైన్లంటే ఎవరన్నా? నేవీ వాళ్ళా, ఆర్మీ వాళ్ళా?" అని అడిగాడు. పేర్లూ తేదీలూ గడగడా అప్పజెప్పిన మేము ఆ చిన్న ప్రశ్న దగ్గర నీళ్ళు నమిలాం. ఆ సిగ్గుతోనే లైబ్రరీలో పుస్తకాలు తిరగేశాం. చదివిన కొద్దీ మాకు ఒక అభిప్రాయం ఏర్పడింది. అది మీ ముందు పెట్టాలనే ఈ వ్యాసం.

కప్ప నీటిలోనూ నేలమీదా బతుకుతుంది కనుక దాన్ని ఉభయచరం అంటామని చిన్న తరగతుల్లోనే చదువుకున్నాం. ఓడమీద వెళ్ళి శత్రువు ఒడ్డున దిగి చేసే యుద్ధాన్ని కూడా అందుకే ఉభయచర యుద్ధం అంటారు. ఓడమీద ఉండి పోరాడటానికీ, ఒడ్డున దిగి పోరాడటానికీ తర్ఫీదు పొందిన సైనికులే మెరైన్లు. ఈ పేరు కొత్తదే గాని పని చాలా పాతది.

క్రీస్తు పూర్వం 5వ శతాబ్దపు ఏథెన్స్ నగరాన్నే చూడండి. వారి యుద్ధనౌక పేరు ట్రైరీమ్. ఒక్కొక్క నౌకలో దాదాపు 200 మంది. అందులో పైతట్టు మీద ఈటెలు, డాళ్ళు పట్టుకొని నిలబడే సైనికులు సాధారణంగా పదిమంది. వారిని ఎపిబటాయ్ అనేవారు. మెరైన్ల చరిత్ర రాసేవారు తరచూ వీరితోనే మొదలుపెడతారు. మరి మిగిలినవారెవరు? 170 మంది మూడు వరుసల్లో కూర్చొని తెడ్లు వేసేవారు. అందరికంటే కింది వరుసవాళ్ళు నీటిమట్టానికి దగ్గరగా, ఇరుకులో, పైవాళ్ళ చెమట మీద పడుతుండగా కూర్చోవలసిందే. తెడ్లు వేసినవారిలో ఎక్కువమంది 'థీట్స్' అనే నాలుగో తరగతి పౌరులు. అంటే భూమి లేనివాళ్ళు, కూలి చేసుకునేవాళ్ళు. పాత చట్టం ప్రకారం వాళ్ళు సభకు రావచ్చు గాని పదవి చేపట్టకూడదు. వాళ్ళతోపాటు పరదేశులూ, కొన్నిసార్లు బానిసలూ తెడ్లు వేశారు.

క్రీ.పూ. 480లో సలామిస్ జలసంధిలో పర్షియా మహా నౌకాదళాన్ని గ్రీకులు ఓడించారు. పుస్తకాల్లో థెమిస్టోక్లీస్ పేరు ఉంటుంది, ఉండవలసిందే. కానీ ఆ విజయం తర్వాత ఏథెన్స్‌లో జరిగిన మార్పును గమనించాలి. సలామిస్ విజయానికి కారణమైన నావికా జనమే ప్రజాస్వామ్యాన్ని బలపరిచిందని అరిస్టాటిల్ అంతటివాడు 'పాలిటిక్స్'లో రాశాడు. క్రీ.పూ. 462లో పాత కులీనుల సభ అధికారాలకు కోత పడింది. ఆ తర్వాత పెరిక్లీస్ కాలంలో న్యాయసభల్లో కూర్చునే పేదవాడికి రోజు భత్యం ఇచ్చారు. తెడ్డు పట్టిన చేయి ఓటుకు లేస్తే దానికి విలువ వచ్చింది. ఆ ప్రజాస్వామ్యంలో స్త్రీలకూ బానిసలకూ చోటు లేదన్నది నిజం. అయినా క్రీ.పూ. 406లో ఆర్గినుసే యుద్ధానికి మనుషులు చాలక బానిసలను నౌకలెక్కించి, గెలిచాక వారికి స్వేచ్ఛ ఇవ్వక తప్పలేదు.

ఇంకొక సంఘటన మమ్మల్ని బాగా ఆకట్టుకుంది. క్రీ.పూ. 425లో స్పాక్టీరియా అనే చిన్న దీవిలో 420 మంది స్పార్టా సైనికులు ఏథెన్స్ నౌకల ముట్టడిలో చిక్కుకున్నారు. నేలమీద స్పార్టావాళ్ళను ఎదిరించేవారు లేరని ఆనాటి గ్రీసు నమ్మకం. ఏథెన్స్ సేనాని డెమోస్తనీస్ తెల్లవారకముందే 800 మంది కవచధారులను దీవిలో దించాడు. తెల్లవారాక విలుకాండ్రతోపాటు 70కి పైగా నౌకలలోని తెడ్డువాళ్ళు దిగారు. అడుగు వరుసవాళ్ళు తప్ప మిగతా అందరూ దిగారని చరిత్రకారుడు థూసిడిడీస్ రాశాడు. చేతికి దొరికిన ఆయుధం పట్టుకొని, మిట్టలెక్కి, నలువైపులా చుట్టుముట్టారు. ఎదురుగా వచ్చి కొట్టే శత్రువే లేకపోయేసరికి మహావీరులకు ఏం చేయాలో తోచలేదు. చివరికి 292 మంది ఆయుధాలు కింద పెట్టి లొంగిపోయారు. గ్రీసు దేశమంతా ముక్కున వేలేసుకుంది! ఆ గెలుపులో చేజిక్కిన ఒక కంచు డాలు ఈనాటికీ ఏథెన్స్ మ్యూజియంలో ఉంది. ఉభయచర యుద్ధానికి ఇంత పాత, ఇంత స్పష్టమైన ఉదాహరణ మాకు మరొకటి కనిపించలేదు. అందులో దిగినవారిలో అధికభాగం చరిత్ర 'కూలివాళ్ళు' అని పక్కన పెట్టినవారే.

రోము సంగతి మరో రకం. అక్కడ నౌకాదళంలో చేరినవారు ఎక్కువగా పౌరసత్వం లేని పరాయి ప్రాంతాల పేదలు. 26 ఏళ్ళు పని చేస్తే పౌరసత్వం ఇచ్చేవారు, అది పిల్లలకూ వర్తించేది. దానికి రుజువుగా కంచు రేకు మీద పేరు చెక్కిన పత్రం ఉండేది. అలాంటి పత్రాల్లో ఇప్పటిదాకా దొరికిన వాటిలో అతి పాతది క్రీ.శ. 52 నాటిది. అది ఏ సేనాధిపతిదో కాదు, మిసేనుం నౌకాదళంలోని ఒక మామూలు సైనికుడిది. కుల ధ్రువపత్రం కోసం, ఆదాయ ధ్రువపత్రం కోసం ఆఫీసుల చుట్టూ తిరిగిన మాకు ఆ కంచు రేకు విలువ ఏమిటో వేరే ఎవరూ చెప్పనక్కర లేదు.

తర్వాతి కాలంలో రాజ్యాలు ఈ దళాలను పేరు పెట్టి మరీ ఏర్పాటు చేశాయి. స్పెయిన్ తన దళానికి 1537ను పుట్టిన సంవత్సరంగా చెప్పుకుంటుంది. ఇంగ్లండ్ 1664లో 1200 మందితో ఒక రెజిమెంటును ఏర్పాటు చేసింది. అమెరికా మెరైన్ దళం పుట్టినరోజు 1775 నవంబరు 10. మరుసటి ఏడాది మార్చిలోనే వాళ్ళు బహామా దీవుల్లోని నస్సావులో దిగారు. పరీక్షలకు పనికివచ్చే తేదీలివి, తమ్ముళ్ళు రాసుకోండి. అయితే ఈ తేదీల పక్కన రాసుకోవలసినది ఇంకొకటి ఉంది. అదే అమెరికా దళం ఒకటిన్నర శతాబ్దం పాటు నల్లజాతివారికి తలుపులు మూసి ఉంచింది.

ఆ తలుపులు దయతో తెరుచుకోలేదు. రైలు నిద్ర బోగీల్లో సామాన్లు మోసే పోర్టర్ల సంఘం నాయకుడు ఎ. ఫిలిప్ రాండాల్ఫ్ వాషింగ్టన్‌కు మహా ప్రదర్శనగా వస్తామని ప్రకటించాడు. ఆ ఒత్తిడితో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ 1941 జూన్‌లో రక్షణ ఉద్యోగాల్లో వివక్ష చూపరాదని ఉత్తర్వు ఇచ్చాడు. 1942లో నల్లజాతి యువకులు మెరైన్లలో చేరారు. చేరినా శిక్షణ వేరు! ఉత్తర కరోలినాలోని మాంట్‌ఫర్డ్ పాయింట్ అనే చోట విడిగా పెట్టారు. పక్కనే ఉన్న ప్రధాన శిబిరంలోకి తెల్ల సైనికుడు వెంట లేనిదే అడుగు పెట్టనివ్వలేదు. ఊరి చివర వాడల నుంచి వచ్చిన మాకు ఇది కొత్త కథ అనిపించలేదు. 1949 దాకా అక్కడ సుమారు 20,000 మంది శిక్షణ పొందారు. ఎక్కువమందికి ఇచ్చిన పని తుపాకీ పేల్చడం కాదు, మందుగుండు మోయడం. 1944 జూన్‌లో సైపాన్ దీవి ఒడ్డున గుళ్ళ వర్షంలో పెట్టెలు మోస్తూనే అవసరమైనప్పుడు తుపాకులూ పట్టారు. ఇక వీరిని పరీక్షించేది ఏమీ లేదని, వీరు కూడా మెరైన్లేనని ఆ దళం అధిపతే ఒప్పుకోవలసి వచ్చింది. 1948లో ట్రూమన్ ఉత్తర్వుతో సైన్యంలో విడిగా పెట్టే పద్ధతికి తెర పడటం మొదలైంది. వారి సేవకు అమెరికా కాంగ్రెస్ స్వర్ణ పతకం అందింది మాత్రం 2012లో. అప్పటికి ఎంతమంది బతికి ఉన్నారో ఆలోచించండి.

ఇక్కడ కొందరు మిత్రులు మాతో వాదించారు. "సేనాని పథకం లేకపోతే తెడ్డువాడు ఏం చేస్తాడు?" అన్నారు. నిజమే, డెమోస్తనీస్ తెలివి లేకపోతే స్పాక్టీరియా లేదు. కానీ పథకం చెడితే ఏమవుతుందో 1915 ఏప్రిల్‌లో మొదలైన గల్లిపోలి చెబుతుంది. పథకం వేసినవారు తప్పు చేశారు, ఒడ్డున దిగినవారు ప్రాణాలతో వెల కట్టారు. ఆ ఒడ్డున గుళ్ళ మధ్య కంచరగాడిదలతో నీళ్ళూ తిండీ చేరవేసినవారిలో మన దేశపు వాళ్ళున్నారని మనలో ఎంతమందికి తెలుసు? ఇంకొందరు "యుద్ధాన్ని పొగడటం ఎందుకు?" అన్నారు. మేము యుద్ధాన్ని పొగడటం లేదు. యుద్ధం ఎవరి బిడ్డలను ముందుగా నీళ్ళలోకి దించుతుందో చెబుతున్నాం.

మా అభిప్రాయం ఒక్కటే. మోసినంత మాత్రాన మోసినవాడికి గుర్తింపు రాదు. ఏథెన్స్‌లో తెడ్డువాడు సభకు వచ్చి చేయి ఎత్తాడు. రోములో కంచు రేకు మీద పేరు చెక్కించుకున్నాడు. అమెరికాలో పోర్టర్ల సంఘం లేచి నిలబడి అడిగింది. లెక్కలో తమ పేరు రాయించుకున్నచోటే హక్కు వచ్చింది. రాయించుకోనిచోట సేనాని పేరొక్కటే మిగిలింది.

మాలో చాలామందిమి మా ఇళ్ళలో మొదటి పట్టభద్రులం. మా అమ్మానాన్నలు వేసిన తెడ్డు మీదే ఈ ఒడ్డుకు చేరాం. కాబట్టి తమ్ముళ్ళూ, నోట్సు రాసుకునేటప్పుడు ప్రతి యుద్ధం పక్కన, ప్రతి కట్టడం పక్కన ఇంకొక గడి గీయండి: 'మోసినవారెవరు? వారికి ఏం దక్కింది?' అది పరీక్షలో రాకపోవచ్చు. అయినా రాసుకోండి.

చివరగా ఈ సంచిక సంపాదక వర్గానికి ఒక విన్నపం. మన సంచికల్లో ఏటేటా ముఖ్య అతిథుల పేర్లు, వార్డెన్ గారి పేరు, విరాళాలిచ్చిన అన్నల పేర్లు అచ్చవుతున్నాయి. సంతోషమే. కానీ తెల్లవారుజామునే లేచి వందమందికి వండిపెట్టిన వంటమనిషి పేరు, గదులూ మరుగుదొడ్లూ శుభ్రం చేసిన కామాటి పేరు, రాత్రంతా మేల్కొని కాపలా కాసిన వాచ్‌మన్ పేరు ఎన్నడూ అచ్చు కాలేదు. ఇన్నేళ్ళూ చదువుకొని వెళ్ళిన మేమూ అడగలేదు, ఆ తప్పులో మాకూ భాగముంది. ఇకనైనా వారిని అడిగి, వారికి ఇష్టమైతే, అతిథుల పేర్లున్న పేజీలోనే, అదే సైజు అక్షరాల్లో ఆ ముగ్గురి పేర్లూ వేయండి.