పనినడిగినవారిపై సోమరితనపు నింద

ఇటీవల ఒకానొక రైతుసభలో వేదికనలంకరించిన పెద్దలొకరు, ఉపాధి హామీ పథకము పల్లెలలోని కూలిజనమును సోమరులను గావించినదనియు, సేద్యమునకు మనుష్యులు దొరకకుండుటకు అదియే మూలమనియు సెలవిచ్చిరి. సభ యెల్లయు చప్పట్లు చరచినది. ఇంతటి అన్యాయపు మాటకు అంతటి ఆమోదమా?

ఈ పథకపు పనులు ఏ మాసములలో సాగునో ఆ వక్త యెరుగడా? అనంతపురపు మెట్టనేలలలో వేరుసెనగ కట్టె వామి వేసిన పిమ్మట మరల తొలకరి పడువరకు కూలివానిని పిలుచు రైతే యుండడు. బెంగుళూరు కట్టడపు పనులకు తరలిపోవలసిన ఆ నడిమి కాలముననే, రోహిణీకార్తె యెండలో, రాతినేలపై గడ్డపార వేసి వారు నీటికుంటలు త్రవ్వుచున్నారు. త్రవ్విన మట్టిని కొలిచి కూలి కట్టుదురు; కొలత తగ్గిన కూలియు తగ్గును. అట్టి పనికి తట్టయు పారయు పట్టుకొని వచ్చిన మనిషిని సోమరి యనుటకు నోరెట్లాడినది?

అసలు బాధ కూలిరేటును గూర్చినది. ఒకే పొలములో, ఒకే పొద్దు వంగి పనిచేసిన స్త్రీకి పురుషునికంటె తక్కువ కూలి యిచ్చుట మన పల్లెలలో అనాదిగా చెల్లుచున్న అక్రమము. ఈ పథకమున ఇరువురకును ఒకే రేటు. ‘ఆ కూలికి నేను రాను’ అని ఆమె చెప్పగలిగిన దినముననే ఆసాములకు ఆమెయందు సోమరితనము కానవచ్చినది.

ఈ నింద నేటిదికాదు. ధాత కరువున, 1877లో, భారత ప్రభుత్వము మదరాసు రాజధానికి పంపిన సర్ రిచర్డ్ టెంపుల్, కరువు పనులలో ధారాళముగా కూలియిచ్చినచో జనము సర్కారు నాశ్రయించుటకు అలవడుదురని శంకించి, దానిని పురుషునికి దినమునకొక పౌను ధాన్యమునకును ఒక అణాకును కుదించెను. ఆ తిండితో శ్రమించువారు బ్రదుకజాలరని శానిటరీ కమిషనరు డాక్టరు కార్నిష్ మొత్తుకొనెను. ఇల్లువిడిచి దూరపు శిబిరములకు పోయినవారికే పనియన్న నిబంధనయు ఆ కాలపుదే. 2005 నాటి ఉపాధి హామీ చట్టమో, పని యూరికి అయిదు కిలోమీటర్లలోపల చూపవలెననియు, దూరమైనచో పదిశాతము అదనపు కూలి యీయవలెననియు శాసించినది. ఆ పథకము 2006 ఫిబ్రవరి 2న ఆరంభమైనదియు కరువుసీమయందే, అనంతపురము జిల్లా బండ్లపల్లిలో. నూరేండ్లకు పైబడిన పిమ్మట దిద్దుకొన్న తప్పును మరల తలకెత్తుకొందుమా?

దొంగ మస్టర్లున్నవందురు. ఉన్నవి; వానిని వ్రాసినవారు కూలీలు కారు, సామాజిక తనిఖీలో వానిని బయటపెట్టినవారు మాత్రము కూలీలే. త్రవ్విన గుంటలు పూడిపోవుచున్నవందురు. చోటు నిర్ణయించిన అధికారి నడుగుడు.

అలసత్వమును వెదకువారు కచేరీలలో వెదకవలెను. పదునైదు దినములలో చెల్లవలసిన కూలి నెలల తరబడి నిలిచిపోవును. 2023 జనవరినుండి దినమునకు రెండుమారులు ఫోనులో ఛాయాచిత్రము పంపనిదే హాజరు లేదన్నారు. సిగ్నలందని కొండవాలున పొద్దంత త్రవ్వినవారి కూలి ఎవరు చెల్లింతురు?

సేద్యమున గిట్టుబాటు లేని చిన్నరైతు కష్టము నిజమే. దానిని ధరలవద్ద తీర్పవలెను గాని కూలిరేటువద్ద కాదు. పనులను గ్రామసభ కోరిన ప్రకారము చేపట్టవలెను, చెరువుల పూడిక మొదట తీయవలెను. పథకపు కూలి వ్యవసాయ కనీసవేతనమునకు ఎన్నడును తగ్గరాదు. గడువు దాటిన కూలిపై పరిహారమును, జాప్యము చేసిన అధికారి జీతమునుండియే రాబట్టవలెను.