విరోధమునకు పరిహారము

పరస్పరవిరుద్ధములైన రెండు భావములను ఒక్క వాక్యములో ఇముడ్చగలవానిని లోకము రెండు విధములుగా చూచుచున్నది. కొందరు వానిని మాటల గారడివాడని త్రోసివేయుదురు. మరికొందరు ఆ మాట తమకు బోధపడకపోవుటయే దాని లోతునకు గురుతని తలయూపుదురు. ఈ రెండును తొందరపాటు తీర్పులే. విరోధము కనబడినంతమాత్రమున మాట అసత్యమైపోదు, గంభీరమును కాజాలదు. ఆ విరోధమునకు పరిహారమెక్కడ నున్నదో, దానిని సాధింపవలసిన భారమెవరిపై నున్నదో తేలినపుడే దాని విలువ తేలును. సాహిత్యమునందును, తత్త్వశాస్త్రమునందును, రాజకీయములందును విరోధమునకు చోటు కలదు గాని, ఈ మూడింటను పరిహారమార్గము ఒక్కటి కాదు. ఈ భేదమును మరచుటచేతనే మన ప్రజాజీవితమునకు గొప్ప హాని కలుగుచున్నదని నా దృఢవిశ్వాసము.

మన ఆలంకారికులు ఈ విషయమున మిక్కిలి నిక్కచ్చిగా నుండిరి. విరోధాభాసమును అలంకారముగా నంగీకరించుచునే వారొక నియమమును పెట్టిరి: వినినంతనే విరుద్ధముగా తోచిన యర్థము, ఆలోచించినమీదట శ్లేషచేతనో, వర్ణ్యవస్తువు మహిమచేతనో పొసగవలెను. అట్లు పొసగని పూర్వాపరవిరోధమును మమ్మటుడు కావ్యప్రకాశమున వ్యాహతమను పేర దోషములలో చేర్చెను. పరిహారమున్న విరోధము కావ్యమునకు భూషణము. పరిహారము లేనిది దూషణము.

గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కమును తలచుకొందము. 1892లో తొలిసారి ప్రదర్శింపబడి, 1897లో అచ్చుపడి, 1909లో దాదాపు క్రొత్త నాటకమై వెలువడిన ఆ కృతి ఆద్యంతము విరోధములపైననే నడచుచున్నది. సంఘసంస్కారమును గూర్చి ధారాళముగా నుపన్యసించు గిరీశము స్వార్థమును తప్ప వేఱొండెరుగడు. సంఘము చిన్నచూపు చూచిన వేశ్యావృత్తిలోని మధురవాణికి పరుల కష్టమునకు కరగు హృదయమున్నది. పసిపిల్లయైన సుబ్బిని వృద్ధుడైన లుబ్ధావధానులకు కట్టబెట్టుటను ఆచారము తప్పుపట్టలేదు. ఆ పిల్లను కాపాడుటకు కరటకశాస్త్రి తన శిష్యునికి ఆడువేషము వేసి పెండ్లిపీటలపై కూర్చుండబెట్టవలసివచ్చెను. వేశ్యల మొగము చూడనని నియమము పట్టిన సౌజన్యారావు పంతులు ఏ సత్యముకొఱకు తపించుచుండెనో, ఆ సత్యము మగవేషమున వచ్చిన మధురవాణి నోటనే ఆయనకు వినబడెను. శీలమును వృత్తినిబట్టియు, వాక్చాతుర్యమునుబట్టియు కొలువరాదను నిశ్చయమునకు ప్రేక్షకుడు తనంత తాను రావలెనని నాటకకర్త ఉద్దేశము. సాహిత్యమున పరిహారము సహృదయుని మనస్సులో జరుగును. అది జరిగినపుడు కవి పని నెరవేరినట్లే.

తత్త్వశాస్త్రమున విరోధము అలంకారముగా గాక ఆక్షేపణగా నెదురుపడును. తాను చెప్పునదంతయు అబద్ధమని యొకడు పలికినచో ఆ పలుకు నిజమా, అబద్ధమా యను చిక్కు గ్రీకులను వేధించినట్లే వాక్యపదీయకర్తయైన భర్తృహరినిగూడ ఆలోచింపజేసెను. అంతకంటెను గొప్ప ఉదాహరణము, మన కృష్ణాతీరమున ఒక కొండయు, ఒక మహాజలాశయమును ఎవరి పేరు మోయుచున్నవో ఆ నాగార్జునాచార్యునిది. సర్వభావములును స్వభావశూన్యములని ఆయన ప్రతిపాదింపగా, అట్లయినచో నీ మాటయు శూన్యమే కదా, శూన్యమైన మాట దేనిని ఖండింపగలదని ప్రతిపక్షులడిగిరి. విగ్రహవ్యావర్తని యను గ్రంథమున ఆయన ఈ యాక్షేపమును దాచక, తొలుతనే దానికి పూర్తిబలమిచ్చి వినిపించెను. పిమ్మట తన మాటకు మాత్రము మినహాయింపు కోరక, అదియు శూన్యమే యని యొప్పుకొనెను. స్వతస్సిద్ధమైన స్వభావము లేకున్నను బండి బరువును మోయుచున్నది, కుండ నీటిని నిలుపుచున్నది. అట్లే తన మాటయు తన పనిని చేయుచున్నదని సమాధానము చెప్పెను. పని చేయుటకు స్వభావముండి తీరవలెనను ప్రతిపక్షుల యూహయే అచట తప్పు.

ఇటీవలి కాలమున ఫ్రేగె అను జర్మన్ పండితుడు అంకగణితమును తర్కముపై నిలుపుటకు జీవితమును ధారవోసి రచించిన గ్రంథము రెండవ సంపుటము అచ్చులో నుండగా, 1902లో బెర్ట్రాండ్ రసెల్ ఆ వ్యవస్థలోనే యొక వైరుధ్యము దాగియున్నదని లేఖ వ్రాసెను. ఫ్రేగె దానిని కప్పిపుచ్చలేదు. 1903లో వెలువడిన ఆ సంపుటమునకు అనుబంధము చేర్చి, తన కట్టడము పునాది కదలెనని తానే లోకమునకు చెప్పెను. కనుక తాత్త్వికుని పరిహారమనగా, విరోధమునకు మూలమైన పూర్వకల్పనను వెదకిపట్టుట, అది తనకెంత ప్రియమైనదైనను విడిచిపెట్టుట.

రాజకీయములందలి విరోధములలో కొన్ని ఇట్టి విచారమువలననే తీరగలవు. నాడు కోస్తా, రాయలసీమ జిల్లాలుకూడ చేరియుండిన మద్రాసు రాష్ట్రమున కళాశాలల ప్రవేశములను కులములవారీగా పంచు ఉత్తర్వును 1951లో సుప్రీంకోర్టు కొట్టివేయగా, ఆ యేడే జరిగిన తొలి రాజ్యాంగసవరణము 15వ అధికరణమునకు నాలుగవ ఖండమును చేర్చెను. అందరిని సమానముగా చూడుమను రాజ్యాంగమే కొందరికి ప్రత్యేకసదుపాయము కల్పింపవచ్చుననుట చాలమందికి విరోధముగా తోచెను, నేటికిని తోచుచున్నది. కాని అసమానస్థితిలో నున్నవారిని ఒకే తీరున చూచుటయే సమానత్వమను పూర్వకల్పనను విడిచినచో ఆ విరోధము నిలువదు. 1975లో ఎన్.ఎం. థామస్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు న్యాయమూర్తులలో అధికసంఖ్యాకులు పట్టిన మార్గమిదియే.

మరికొన్ని విరోధములు వాక్యమున గాక జీవితముననే యుండును. 1949 నవంబరు 25న రాజ్యాంగసభలో ప్రసంగించుచు అంబేడ్కర్, రాజకీయమున సమానత్వమును, సాంఘికార్థికజీవితమున అసమానత్వమును గల వైరుధ్యజీవితమున దేశము అడుగిడబోవుచున్నదనియు, దీనిని వీలైనంత త్వరగా తొలగింపకున్నచో అసమానతచే పీడితులైనవారు ఎంతో శ్రమపడి నిర్మించుకొన్న ఈ ప్రజాస్వామ్యవ్యవస్థనే కూల్చివేయుదురనియు హెచ్చరించెను. ఆ వైరుధ్యమును ఆయన చమత్కారముగా చెప్పలేదు, తీర్పవలసిన ఋణముగా చెప్పెను.

ఇట్టి విరోధమునకు పాలకులు కవిమార్గమున పరిహారము చెప్పబూనుటయే నేను ఆక్షేపించు విషయము. సామాన్యేచ్ఛకు లోబడనివానిని బలవంతముగా లోబరచుట వానిని స్వతంత్రుని చేయుటయే యని 1762లో రూసో వ్రాసినపుడు, స్వాతంత్ర్యమునకు రెండవ యర్థము కల్పించి విరోధమును మాపినాడే గాని, నిర్బంధమును మాపలేదు. 1975 జూన్‌లో అత్యవసరపరిస్థితి విధించి, ప్రతిపక్షనాయకులను చెరసాలలలో బంధించి, పత్రికలపై సెన్సారు పెట్టి, ఇదంతయు ప్రజాస్వామ్యమును నిలుపుటకే యని ప్రభుత్వము నమ్మబలికినపుడు జరిగినదియు నిదియే. కావ్యమున శ్లేష కుదిరినచో విరోధము తీరును. చెరలోనున్నవాని విషయమున ఎన్ని యర్థములు చెప్పినను వాని సంకెల సడలదు.

వైరుధ్యము లేని సమాజమెక్కడ నున్నది, అది సృష్టిసహజము కాదా యని సమాధానపడు పెద్దలు కలరు. మానవజీవితమున కొన్ని విరోధములు ఎన్నటికిని తీరవను మాట నిజమే. కాని మనుష్యులు కల్పించినదానిని సృష్టిపై మోపుట న్యాయము కాదు. మానవమలమును చేతులతో నెత్తించు పనిని 1993లో ఒక శాసనము, 2013లో మరింత విస్తృతమైన మరియొక శాసనము నిషేధించినవి. అయినను మురుగుకాలువలలోనికి, సెప్టిక్ ట్యాంకులలోనికి దిగి విషవాయువులకు ప్రాణములర్పించుచున్న కార్మికుల వార్తలు పత్రికలలో నేటికిని వచ్చుచునే యున్నవి. పోలింగు కేంద్రమున ఆ కార్మికుని ఓటుకును, నగరమున ఎంతటి సంపన్నుని ఓటుకును విలువ యొక్కటే. మ్యాన్‌హోల్ అంచున ఆ సమానత్వము ముగియుచున్నది. ఈ విరోధమునకు శ్లేష లేదు. దానికి కావలసినవి యంత్రములు, వాటికి నగరపాలకసంస్థలు కేటాయింపవలసిన నిధులు, ఆ వృత్తిని విడిచినవారికి బ్రతుకుతెరువు, మనిషిని లోనికి దింపిన కాంట్రాక్టరుకును, ఉపేక్షించిన అధికారికిని శిక్ష.

కనుక ఏ నాయకుడైనను, ఏ పక్షమువాడైనను, మన కండ్లెదుటి వైరుధ్యమునకు క్రొత్త యర్థము చెప్పవచ్చినపుడు, దానిని తొలగించు పని ఏది, దానికి బాధ్యులెవరు, ఎప్పటికి తీర్తురని అడుగుట పౌరుల విధి. ఆ ప్రశ్నను ఎన్నికల వేళ మాత్రమే గాక, బడ్జెట్టు చర్చలలోను, పురపాలకసభలలోను అడుగుచునే యుండుట పత్రికల విధి. కావ్యమున పరిహారమును ఊహించుకొను స్వేచ్ఛ సహృదయునికి కలదు. ప్రజాజీవితమున దానిని ఊహించుకొని తృప్తిపడు హక్కు మనకు లేదు, అది జరిగితీరవలెను.