స్పీకరుకీ యాంప్లిఫయరుకీ ఈడూ జోడూ కుదరాలి!

హాల్లో గుండెల మీద మోగిన డోలు ఇంటికొచ్చి అదే పాట పెట్టుకుంటే డాల్డా డబ్బా మీద కొట్టినట్టుంటుంది. "మంచి స్పీకర్లే కొన్నానే, ఇదేం ఖర్మ!" అని తల పట్టుకుంటారు. చాలాసార్లు తప్పు స్పీకర్లది కాదు మహాప్రభో, వాటికి మీరు కట్టబెట్టిన యాంప్లిఫయరుది!

మా వీధిలో ఓ కుర్రాడున్నాడు. ఉద్యోగంలో చేరి ఏడాదిపాటు దాచిన డబ్బుతో ఓ జత స్పీకర్లు కొన్నాడు. వెనకాల 100 వాట్లు అని రాసుంది. "అన్నా, పెద్ద యాంప్లిఫయరు పెడితే ఇవి కాలిపోతాయేమో, 20 వాట్లది కొంటే ఏ భయమూ ఉండదు కదా" అన్నాడు. నేను నోరు తెరిచేలోగా కొనేశాడు కూడా. దసరాకి స్నేహితులంతా చేరారు. వాల్యూం మీట ఆ చివరిదాకా తిప్పారు. రెండు గంటలయ్యేసరికి పాటలో గజ్జెలూ తాళాలూ మాయం! విప్పి చూస్తే రెండు ట్వీటర్లూ మాడిపోయి ఉన్నాయి.

నూరు వాట్ల స్పీకర్ని ఇరవై వాట్ల యాంప్లిఫయరు ఎలా కాల్చిందంటారా? తన శక్తికి మించి లాగితే యాంప్లిఫయరు పాట కెరటాల తలలు నరికేస్తుంది. దీన్నే క్లిప్పింగ్ అంటారు. కెరటం గుండ్రంగా లేచి దిగాల్సింది బల్లపరుపుగా అయిపోతుంది. అలాంటప్పుడు 20 వాట్లది 40 వాట్ల దాకా కక్కగలదు. పైగా పాటలో లేని కీచు స్వరాలు పుట్టుకొచ్చి, తిన్నగా ట్వీటరు మీద పడతాయి. అందులో తీగ వెంట్రుకంత సన్నం. అదేం తట్టుకుంటుంది పాపం!

కనుక వాట్లు ఒక్కటే చూసి పెళ్ళి చేయకండి. మూడు పొంతనలు చూడాలి.

మొదటిది ఓములు. స్పీకరు వెనక 8 ఓములనో, 4 ఓములనో రాసి ఉంటుంది. కరెంటుకి అది పెట్టే అడ్డు అన్నమాట. 8 కి బదులు 4 ఓముల స్పీకరు తగిలిస్తే అదే వాల్యూం దగ్గర యాంప్లిఫయరు రెట్టింపు కరెంటు ఇచ్చుకోవాలి. గట్టిది ఇస్తుంది. నాసిది వేడెక్కి, మధ్యలో ఠక్కున ఆగిపోతుంది. యాంప్లిఫయరు వెనక పలక మీద ఎన్ని ఓముల దాకా పనికొస్తుందో రాసి ఉంటుంది, చదవండి. ఇంకో మెలిక కూడా ఉంది. కొన్నిటికి ఏ, బీ అని రెండు జతల స్పీకర్లకి చోటుంటుంది. చాలావాటిలో రెండూ కలిపి మోగిస్తే 8, 8 కలిసి 16 కావు, 4 అవుతాయి! వంటింట్లోకి రెండో జత పెడదామనుకునే వాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి.

రెండోది డెసిబెల్లు. దీన్ని సెన్సిటివిటీ అంటారు. ఒక వాటు ఇస్తే మీటరు దూరంలో స్పీకరు ఎంత గట్టిగా పలుకుతుందో చెప్పే అంకె. దుకాణంలో దీన్ని అడిగేవాడు నూటికొకడుండడు. అసలు కీలకం ఇక్కడే ఉంది. 3 డెసిబెల్లు పెరగాలంటే వాట్లు రెట్టింపు కావాలి. 10 పెరిగితే గాని చెవికి రెట్టింపు గట్టిగా వినిపించదు, దానికి వాట్లు పదింతలు కావాలి. అంచేత 50 వాట్లదానికీ 60 వాట్లదానికీ తేడా ఒక్క డెసిబెల్లు కూడా లేదు. ఆ పది వాట్ల కోసం వేలు పోయకండి.

మన సినిమా చరిత్రే దీనికి సాక్షి. 1932లో 'భక్త ప్రహ్లాద'తో తెలుగు తెర మాట్లాడింది. ఆ రోజుల్లో హాళ్ళలో ఉన్నవి వాల్వుల యాంప్లిఫయర్లు. పదో, పాతికో వాట్లు, మరీ పెద్ద హాలయితే కొద్ది పదులు. అంతటితోనే నేల నుంచి బాల్కనీ దాకా మాట వినిపించేది. కారణం, తెర వెనకాల నిలబెట్టిన బాకా స్పీకర్లు. ఒక్క వాటుని కూడా వృథా పోనివ్వవు. ఆ వంశంలోదే అమెరికాలో పాల్ క్లిప్ష్ 1940లలో తయారుచేసిన క్లిప్ష్‌హార్న్. కంపెనీ లెక్కలో దాని అంకె 105. అటువైపు బీబీసీ వాళ్ళు 1970లలో రూపొందించిన బుల్లి ఎల్‌ఎస్ 3/5ఏ ఉంది. గొంతు ఎంత సహజంగా వినిపిస్తుందో చెప్పలేం గాని, అంకె 83కి అటూ ఇటూ. ఆ పెద్దదానికి ఒక వాటు చాలిన చోట దీనికి నూరు దాటాలి, అంత అది భరించలేదు కూడా!

మూడోది మీ గది. పన్నెండు పద్నాలుగు అడుగుల గదిలో, ఎనిమిది తొమ్మిది అడుగుల దూరంలో కూర్చుని వింటారనుకుందాం. స్పీకరు అంకె 86 అయితే మామూలు పాటకి ఒక వాటు సరిపోతుంది, నమ్మండి! మరి మిగిలినవి దేనికి? డోలు దెబ్బ పడ్డప్పుడు, బాలు గొంతు పైస్థాయికి లేచినప్పుడు ఆ ఒక్క క్షణానికి నలభై యాభై కావాలి. అందుకే ఆ గదికి 50 వాట్లది హాయి. స్పీకరు అంకె 92 అయితే దాంట్లో నాలుగో వంతే చాలు.

వాట్లలోనూ మోసాలున్నాయి. పీఎంపీవో అని వేలల్లో అచ్చేసిన అంకెని పట్టించుకోకండి. రెండు చానెళ్ళూ కలిసి పనిచేస్తుండగా, 8 ఓముల మీద, నిలకడగా ఇచ్చే వాట్లెన్నో అడగండి. ఈ గొడవ భరించలేకే 1974లో అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ వాట్ల ప్రకటనలకి నిబంధన పెట్టింది. చిన్న అంకె చూసి చులకన చేయనూ కూడదు. 1978లో వచ్చిన నాడ్ 3020 కాగితం మీద 20 వాట్లదే. అయినా అవసరమైన క్షణంలో అంతకు ఎంతో ఎక్కువ ఇచ్చేది. తలలు నరకకుండా మెత్తగా అణిచే ఏర్పాటూ అందులో ఉండేది. ఖరీదు తక్కువ, పేరు ప్రపంచమంతా.

కొనేముందు మీ స్పీకర్లతోనే, మీకు కంఠతా వచ్చిన పాటతో వినండి. ఘంటసాల పాత పాటొకటి తీసుకెళ్ళండి. ఆనాటివి దాదాపు అన్నీ మోనో కాబట్టి గొంతు రెండు స్పీకర్ల నడుమ, సరిగ్గా మధ్యలోంచి రావాలి. అలా కాకుండా చెదిరిపోయి, అడుగు స్వరం పలచబడితే ఒక స్పీకరు తీగలు తారుమారయ్యాయన్నమాట. ఎర్రది ఎర్రదానికి, నల్లది నల్లదానికి తగిలించమనండి.

ఇంతకీ మా కుర్రాడి సంగతి! ట్వీటర్లు కొత్తవి వేయించుకున్నాడు. ఈసారి ముందే కాగితాలు నా దగ్గరికి పట్టుకొచ్చాడు. స్పీకరు 8 ఓములు, 87 డెసిబెల్లు. 50 వాట్ల యాంప్లిఫయరు కుదిర్చాం. వాల్యూం సగం కూడా తిప్పట్లేదట. "ఇన్నాళ్ళూ పాట వెనకాల వీణ ఉందనే తెలీదన్నా" అంటున్నాడు.

మీరు మాత్రం ట్వీటర్లు మాడ్చుకోకుండానే తెలుసుకోండి. వచ్చేవారం కలుద్దాం!